పరభాషా చిత్రము - కన్ను, చెవి

జపాను దర్శకుడు అకిరా కురోసావా 1954లో ‘సెవెన్ సమురాయ్’ అనే చిత్రము తీసినారు. పంట ఇంటికి వచ్చే వేళకు దోపిడి దొంగలు వచ్చి పడతారన్న భయముతో ఒక పల్లె రైతులు ఏడుగురు యోధులను కాపలాకు కుదుర్చుకొంటారు. ఇదీ కథ. జపాను భాష రాని మనిషికి ఈ కథ అందడానికి మూడు మార్గములున్నవి. మూల చిత్రమునే చూస్తూ, తెర అడుగున కనిపించే అనువాదమును చదువుకొనవచ్చు. వీటినే సబ్‌టైటిల్స్ అంటారు. బొమ్మను అట్లే ఉంచి, మాటలను మాత్రము వేరే గొంతులతో తన భాషలో చెప్పించగా వినవచ్చు, ఇది డబ్బింగు. లేదా ఆ కథనే మరొక దేశములో, మరి కొందరు నటులతో మళ్ళీ తీయగా చూడవచ్చు, ఇది రీమేక్. అమెరికాలో జాన్ స్టర్జెస్ 1960లో తీసిన ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ అట్టిదే.

వీటిలో ఏది మేలు? ఇది అభిరుచికి సంబంధించిన తగవువలె తోస్తుంది. కాని దీని అడుగున మన కన్ను, చెవి, మెదడు పనిచేసే తీరు దాగి ఉన్నది.

కంటి మీద పడే బరువు

చేయి చాచి బొటనవేలి గోరును చూడండి. ఒక క్షణములో మన కన్ను అతి స్పష్టముగా చూడగలిగేది దాదాపు ఆ గోరంత మేర మాత్రమే. తక్కినది మసకగానే కనిపిస్తుంది. అందుచేత చదివేటప్పుడు దృష్టి వరుస వెంబడి జారిపోదు. గంతులు వేస్తూ పోతుంది. గంతుకు గంతుకు నడుమ సుమారు సెకనులో నాలుగవ వంతు కాలము ఒకచోట నిలుస్తుంది. ఆ నిలకడలోనే అక్షరములు మనకు అందుతవి.

సబ్‌టైటిల్స్ రాసేవారు ఈ లెక్కను మరువరాదు. సాధారణముగా ఒకసారికి రెండు వరుసలకు మించి వేయరు. రెండు నిండు వరుసలు చదవడానికి ఆరు సెకండ్లు కావలెనన్నది చాలకాలముగా వాడుకలో ఉన్న సూత్రము. మనిషి మామూలుగా నిమిషమునకు 150 మాటలు పలికినా, ఆరు సెకండ్లలో 15 మాటలు వస్తవి. కోపములో, కొట్లాటలో ఇంకా ఎక్కువే. అవన్నీ రెండు వరుసలలో పట్టవు. కనుక సబ్‌టైటిల్ ఎప్పుడూ సంభాషణకు సంక్షేపమే గాని పూర్తి అనువాదము కాదు. పైగా అక్షరములపై నిలిచిన ప్రతి చూపూ నటుని ముఖము మీద నిలువని చూపు.

మరొక చిక్కు ఉన్నది. జపాను వాక్యములోను, తెలుగు వాక్యములోను క్రియ చివర వస్తుంది. వస్తాడా, రాడా అన్నది చివరి మాటతో గాని తేలదు. ఇంగ్లీషులో ‘కాదు’ అనే మాట ముందుగానే వస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివిన ప్రేక్షకునికి, నటుడు మాట పూర్తిచేయక ముందే జవాబు తెలిసిపోవచ్చు.

పెదవులు చెప్పే సాక్ష్యము

డబ్బింగులో కన్ను తేలికపడుతుంది. ఇక చిక్కంతా చెవితో. వినడము చెవి ఒక్కదాని పనే అనుకొంటాము. 1976లో హారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒక వింతను ప్రకటించినారు. ‘బ’ అనే ధ్వనిని వినిపిస్తూ, ‘గ’ అని పలికే పెదవులను చూపితే, చూచేవారిలో చాలమందికి ‘ద’ అని వినిపించినది! కంటి సాక్ష్యమును, చెవి సాక్ష్యమును మెదడు కలిపి తీర్పు చెప్పుతుందన్నమాట.

ఈ సంగతిలో మన వర్ణమాల మనకు తోడ్పడుతుంది. ప, ఫ, బ, భ, మ అనే అక్షరములను ఓష్ఠ్యములని చిన్ననాడే నేర్చుకొంటాము. అద్దము ముందు నిలిచి ‘పాప’, ‘మామ’ అనండి. పెదవులు రెండుసార్లు కలుస్తవి. ‘కల’, ‘గద’ అనండి; ఒక్కసారీ కలియవు. దగ్గరగా తీసిన ముఖములో పెదవులు మూతపడిన చోట ‘కల’ అని వినిపిస్తే ప్రేక్షకునికి ఏదో తేడా తోస్తుంది. కనుక డబ్బింగు రచయిత అర్థముతోబాటు ఓష్ఠ్యములు పడే చోటునూ చూచుకొనవలె. ఇంగ్లీషులో ‘హోమ్’ అనే మాట మూసిన పెదవులతో ముగుస్తుంది. తెలుగులో ‘ఇల్లు’ అచ్చుతో ముగుస్తుంది. అక్కడ సున్నాతో ముగిసే మాట కోసము వెదుకవలసి రావచ్చు. తెలుగులో తొలి డబ్బింగు చిత్రముగా పేరుపొందిన ‘ఆహుతి’కి (1950) మాటలు రాసినది కవి శ్రీశ్రీ అన్నది ఇక్కడ గుర్తుంచుకొనదగినది.

కాలము లెక్క కూడ కలదు. చిత్రములో సెకనుకు 24 బొమ్మలు కదులుతవి. అనగా ఒక్కొక్క బొమ్మకు దాదాపు 42 మిల్లీసెకండ్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన కొలతల ప్రకారము, ధ్వని బొమ్మకన్న 45 మిల్లీసెకండ్లు ముందు వచ్చినా మనము పసిగట్టగలము. వెనుక వస్తే 125 వరకు పసిగట్టలేము. ఈ పక్షపాతమేల? ప్రకృతిలో ధ్వని ఎప్పుడూ వెనుకే వస్తుంది. చెరువు అవతలి గట్టున బట్ట ఉతికేవాని చేయి దిగిన తరువాతనే దెబ్బ వినిపిస్తుంది. ధ్వని 34 మీటర్లు రావడానికి సెకనులో పదవ వంతు పడుతుంది. ఆలస్యము మన మెదడుకు అలవాటే. ముందు రావడము అలవాటు లేదు.

మారిన నేల

రీమేక్‌లో కంటికీ, చెవికీ శ్రమ లేదు. కాని నేల మారిపోతుంది. 16వ శతాబ్దపు జపాను పల్లె మెక్సికో పల్లె అయినది, కత్తులు తుపాకులైనవి, 207 నిమిషముల చిత్రము 128 నిమిషములకు కుదించుకొన్నది. అది మంచి చిత్రమే కావచ్చు. జపాను రైతు వంగి దండము పెట్టే తీరు, సమురాయి గొంతులోని బిగువు మాత్రము అందులో దొరకవు.

తరగతిలో ఏది?

ఉపాధ్యాయుడు పిల్లలకు చిత్రము చూపదలచినప్పుడు ఈ వివేచన అక్కరకు వస్తుంది. వేగముగా చదవలేని చిన్న తరగతుల వారికి సబ్‌టైటిల్స్ వేస్తే వారు కథ బయటనే నిలిచిపోతారు. వారికి డబ్బింగే దారి. చెవి వినిపించని విద్యార్థికి డబ్బింగు వ్యర్థము, అక్షరములే ఆధారము. భాష నేర్చుకొనే విద్యార్థికి మరొక ఉపాయమున్నది. 2009లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్‌క్వీన్ డచ్చి విద్యార్థులకు పరిచయము లేని యాసలో ఇంగ్లీషు చిత్రములు చూపినారు. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషు అక్షరములే తోడుగా చూచినవారు ఆ యాసను బాగుగా పట్టుకొన్నారు. మాతృభాషలోని అక్షరములు కథను తెలిపినవే గాని, కొత్త మాటలు వినే శక్తికి సాయపడలేదు.

కనుక ముందు అడుగవలసినది, ఏ పద్ధతి గొప్పదని కాదు. చూచేవారు ఎవరు, వారికి కావలసినది కథయా, భాషయా, లేక ఆ నటుని సొంత గొంతా అని. అద్దము ముందు ‘పాప’, ‘కల’ పలికి చూచిన విద్యార్థి ఇకమీదట డబ్బింగు చిత్రము చూచేటప్పుడు పెదవులను కూడ గమనిస్తాడు.