ఆయన విదేశంలో, కారు మన వాకిట్లో



భర్త దుబాయిలోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తూండగా ఇక్కడ ఇల్లూ, పిల్లలూ, పెద్దవాళ్ళూ అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటున్న ఇల్లాళ్ళు మన పట్నాల్లో చాలామందే ఉన్నారు. పిల్లల్ని బడిలో దింపాలన్నా, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా ఎండలో నిలబడి ఆటోవాడితో బేరం ఆడాల్సిందే. ఇది వింటూంటే అక్కడ ఆయన మనసు ఊరుకోదు. "ఒక కారు కొనేద్దాం, లోను సంగతి నేను చూసుకుంటాను, నువ్వు చెప్పినచోట సంతకాలు పెట్టు చాలు" అంటారు.

చాలు అన్నంత తేలికైనది కాదండీ ఆ సంతకం. అప్పు తీర్చేది ఆయన జీతంలోంచే అయినా, బాంకువాళ్ళు వచ్చి తలుపు తట్టేది ఇక్కడ మన ఇంటిదే. అంచేత సంతకం పెట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వరసగా చెప్పుకుందాం.

మొట్టమొదట తేల్చుకోవలసింది కారు ఎవరి పేర కొనాలన్నది. ఇల్లు, స్థలం అయితే ఇద్దరి పేరా రాయించుకోవచ్చు. కారు అలా కాదు. ఆర్.సి.లో ఒక్కరి పేరే ఉంటుంది. డబ్బు ఆయనది గనక ఆయన పేరే వేయించేద్దాం అని చాలామంది మరో ఆలోచన లేకుండా కానిచ్చేస్తారు. కాని రోజూ బండి నడిపేది మీరు కదా! ఇన్సూరెన్సులో "ఓనర్ డ్రైవర్" అనే పద్దు కింద 15 లక్షల రూపాయల ప్రమాద బీమా ఒకటి ఉంటుంది. అది ఆర్.సి.లో పేరుండి, డ్రైవింగు లైసెన్సు కూడా ఉన్న యజమానికి మాత్రమే వర్తిస్తుంది. కారు ఆయన పేర ఉండి, మీరు నడుపుతూండగా మీకేదైనా జరిగితే, బండి మరమ్మతుకి డబ్బు వస్తుంది, ఎదుటివాళ్ళ నష్టానికి వస్తుంది గాని, ఆ 15 లక్షలు మాత్రం మీ పిల్లలకి రావు. కారు మీ పేర కొంటే ఈ చిక్కు లేదు. ఆయన పేరే ఉండాలనుకుంటే, మీ పేర విడిగా ప్రమాద బీమా పాలసీ ఒకటి తీసుకోవాలి.

భర్త డబ్బుతో భార్య పేర కారు కొంటే పన్ను పడుతుందేమోనని కొందరికి భయం. భార్యకి భర్త ఇచ్చిన కానుక మీద ఆదాయపు పన్ను లేదు. అయితే కారు ధర 10 లక్షలు దాటితే, షోరూమువాళ్ళు నూటికి ఒక రూపాయి చొప్పున పన్ను వసూలు చేసి, ఎవరి పేర కొన్నామో వాళ్ళ పాన్ నంబరు మీద జమ కడతారు. 12 లక్షల కారుకి అది 12 వేలు. మీకు పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే, రిటర్ను దాఖలు చేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. కాగితం పారేసుకోకండి.

రెండో సంగతి, అప్పు ఎక్కడ చెయ్యాలి? అక్కడా, ఇక్కడా? దుబాయి బాంకు హైదరాబాదులో ఉన్న కారుని తాకట్టుగా పెట్టుకోదు గదా! అంచేత అక్కడ తీసుకునేది కారు లోను కాదు, జీతం చూసి ఇచ్చే వ్యక్తిగత అప్పు. వడ్డీ శాతం చూడ్డానికి ఒక్కోసారి తక్కువగానే ఉంటుంది. అయినా రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అక్కడి వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే ఇంటికి రావాలి, కాని అప్పు మిగిలిపోతే, కొన్ని గల్ఫు దేశాల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చి దేశం దాటకుండా ఆపేసే ఏర్పాటు ఉంది. రెండోది మారకం రేటు. లెక్కకోసం దిర్హము 20 రూపాయలు అనుకుందాం. ఇక్కడి అప్పుకి నెలకి 16,607 రూపాయలు కట్టాలంటే ఆయన 830 దిర్హములు పంపాలి. కొన్నాళ్ళకి రూపాయి విలువ తగ్గి దిర్హము 22 రూపాయలైతే, అదే వాయిదాకి 755 దిర్హములు చాలు. అప్పు అక్కడే చేసి ఉంటే ఈ వెసులుబాటు ఉండదు. పైగా ఆయన తిరిగి వచ్చేసి ఇక్కడ రూపాయల్లో సంపాదిస్తూంటే, దిర్హముల అప్పు మోయలేనంత బరువౌతుంది. కారు ఇక్కడ తిరిగేటప్పుడు అప్పు కూడా ఇక్కడే, రూపాయల్లోనే ఉండడం చాలా కుటుంబాలకి క్షేమం.

ఇహ మూడోది వడ్డీ లెక్క. మనం కూరగాయల దగ్గర రూపాయికి రూపాయి లెక్క చూసుకుంటాం గాని, లక్షల అప్పు దగ్గరకొచ్చేసరికి "నూటికి తొమ్మిదేనట" అని ఊరుకుంటాం. ఆ తొమ్మిదిని రెండు రకాలుగా లెక్కకడతారు. 8 లక్షలు, 5 ఏళ్ళకి తీసుకున్నారనుకోండి. తగ్గుతూ వచ్చే బాకీ మీద వడ్డీ అయితే నెలకి 16,607 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 1 లక్షా 96 వేలు. అలాకాక "ఫ్లాట్" వడ్డీ అంటే, మీరు ఎంత తీర్చినా లెక్క మాత్రం మొదటి 8 లక్షల మీదే సాగుతుంది. అప్పుడు నెలకి 19,333 రూపాయలు, మొత్తం వడ్డీ 3 లక్షల 60 వేలు. రెంటికీ పేరు నూటికి తొమ్మిదే! నిజానికి ఆ రెండోది దాదాపు నూటికి పదహారుతో సమానం.

అలాగే వాయిదా తక్కువగా కనిపించాలని ఏడేళ్ళకి సాగదీసే అలవాటు ఒకటుంది. అదే 8 లక్షలు, తగ్గే బాకీ మీద తొమ్మిది శాతానికే, ఏడేళ్ళకైతే వాయిదా 12,871 రూపాయలకి దిగుతుంది. బాగానే ఉంది. కాని మొత్తం వడ్డీ 2 లక్షల 81 వేలు దాటుతుంది. నెలకి 3,700 తగ్గించుకోవడానికి చివరికి 85 వేలు ఎక్కువ కడుతున్నామన్నమాట. ఈలోగా కారు పాతబడి దాని ధర పడిపోతూనే ఉంటుంది.

ఈ లెక్కలు మాకెక్కడ వస్తాయండీ అంటారేమో! రానక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి, ఇలాంటి అప్పు ఇచ్చే ప్రతి సంస్థా ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇచ్చి తీరాలని రిజర్వు బాంకు నియమం పెట్టింది. అన్ని రుసుములూ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే వడ్డీ ఎంత, వాయిదా ఎంత, ఆలస్యమైతే జరిమానా ఎంత, అన్నీ అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. అంచేత "తెలుగులో ఇవ్వండి" అని అడగడానికి మొహమాటపడకండి. పత్రం ఇచ్చాక మీరు ఆలోచించుకోడానికి కనీసం మూడు పనిదినాలు గడువుంటుంది. "ఇవాళే సంతకం పెట్టకపోతే ఈ రేటు పోతుందమ్మా" అని షోరూములో ఎవరైనా తొందరపెడితే ఆ మూడు రోజుల సంగతి గుర్తుచేయండి.

నాలుగోది, వాయిదా ఏ ఖాతాలోంచి పోవాలి? విదేశంలో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు ఇక్కడి మామూలు సేవింగ్సు ఖాతాని అలాగే ఉంచుకోకూడదు. దాన్ని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించాలి. ఇక్కడి అద్దెలూ అవీ అందులో వేస్తారు. విదేశంనించి పంపే జీతానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా అని వేరే ఉంటుంది. దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, కావాలంటే డబ్బు తిరిగి అక్కడికి తీసుకుపోవచ్చు కూడా. కారు వాయిదా ఆ ఖాతాలోంచే తనంత తానుగా పోయేలా బాంకుకి ముందే ఆదేశం ఇచ్చేస్తే మంచిది. ప్రతినెలా ఆయన పంపడం, మీరు తీసి కట్టడం పెట్టుకుంటే పండగ సెలవులకో, ఆయన ప్రయాణంలో ఉన్నప్పుడో తప్పకుండా తారుమారవుతుంది.

ఐదోది అధికార పత్రం. ఆయన ఇక్కడికి రాలేరు గనక మీ పేర పవరాఫ్ అటార్నీ పంపుతారు. దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలోగాని, కాన్సులేటులోగాని ధ్రువీకరింపజేయాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి. ఈ గడువు సంగతి తెలియక పత్రం బీరువాలో దాచుకుని, తీరా బాంకుకి వెళ్ళాక తిరిగొచ్చేవాళ్ళున్నారు. ఇంకోమాట. పత్రంలో ఆ కారు కొనడం, లోను కాగితాలు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అని పనులు విడివిడిగా రాయించండి. సర్వాధికారాలూ రాసిన పత్రమైతే ఎవరిచేతిలో పడ్డా ప్రమాదమే.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. ఆయన విదేశంలో ఉన్నారు గనక, ఇక్కడ ఉండేవాళ్ళు ఒకరు తోడు సంతకం పెట్టాలని బాంకులు సాధారణంగా అడుగుతాయి. సహ ఋణగ్రహీత అన్నా, జామీను అన్నా "ఊరికే పేరుకేనమ్మా" అంటారు. ఊరికే కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీను ఉన్నవాళ్ళ బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాళ్ళ బాధ్యతతో సమానం. వాయిదాలు ఆగితే బాంకు ముందు ఆయన్ని అడిగి తర్వాత మిమ్మల్ని అడగాలనేం లేదు. నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. మీ పేర సిబిల్ లెక్కలో మచ్చ పడుతుంది. రేపు పిల్లవాడి చదువుకి లోను కావాలంటే ఆ మచ్చే అడ్డం వస్తుంది. మామగారిచేతనో, తమ్ముడిచేతనో సంతకం పెట్టించేటప్పుడు కూడా ఈ మాట వాళ్ళకి విప్పిచెప్పడం మన ధర్మం.

సంతకం పెట్టవద్దని నేననడం లేదు సుమండీ. పెట్టేముందు ఆరు నెలల వాయిదాలు ఇక్కడ మీ చేతికందే ఖాతాలో విడిగా ఉంచమని ఆయన్ని అడగండి. పైన చెప్పిన లెక్కలో అది సుమారు లక్ష రూపాయలు. కొత్త కారుకి ఖరీదైన సీటుకవర్లూ, సంగీతం పెట్టెలూ మానేసైనా ఆ లక్షా పక్కన పెట్టాలి. అక్కడ ఉద్యోగం ఊడితే, మరోటి దొరికేదాకా ఇంటి పరువు కాపాడేది ఆ డబ్బే. ఒకవేళ వాయిదాలు తప్పినా భయపడి తలుపులు మూసుకోకండి. బాంకుకి మీరే వెళ్ళి గడువు అడగండి. గూండాలని పంపి బండి లాక్కుపోవడాన్ని 2007లోనే సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. బాంకు మీద ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఏడోది, చెప్పడానికి నోరు రానిదే అయినా చెప్పక తప్పనిది. ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలు 2021 నుంచి ఉంది. కారు ఎవరి పేర ఉన్నా రెండోవారి పేరు నామినీగా వేయించండి. యజమాని పోతే 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి, మూడు నెలల్లోగా పేరు మార్పుకి దరఖాస్తు పెట్టుకోవాలి. నామినీ పేరు ముందే ఉంటే, ఆ కష్టకాలంలో వారసత్వ కాగితాల కోసం తిరిగే బాధ చాలావరకు తప్పుతుంది. అప్పుకి తగిన జీవిత బీమా కూడా ఆయన పేర ఉంటే, మిగిలిన వాయిదాలు మీ నెత్తిన పడవు.

చివరగా, అప్పు తీరినంత మాత్రాన కారు పూర్తిగా మనదైపోదు. ఆర్.సి. మీద బాంకు పేరు తాకట్టుగా ఇంకా ఉంటుంది. ఆఖరి వాయిదా కట్టగానే బాంకు దగ్గర బాకీ లేదన్న పత్రమూ, 35వ నంబరు ఫారమూ తీసుకుని, రవాణా శాఖలో ఆ పేరు తీయించాలి. ఇన్సూరెన్సు పాలసీలో కూడా తీయించాలి. ఇది చేయనివాళ్ళు కారు అమ్మబోయేనాడు ఇబ్బంది పడతారు. మధ్యలోనే అప్పు తీర్చేసే ఉద్దేశం ఉంటే మాత్రం ఒప్పందంలో వడ్డీ స్థిరమా, మారేదా చూసుకోండి. 2026 జనవరి 1 తర్వాత మంజూరైన సొంత అవసరాల అప్పుల్లో, మారే వడ్డీవాటిని ముందుగా తీర్చినందుకు బాంకులు రుసుము పుచ్చుకోకూడదు. స్థిర వడ్డీ అయితే పుచ్చుకోవచ్చు.

ఈసారి ఆయన ఫోను చేసి రంగు ఏది తీసుకుందామని అడిగినప్పుడు, రంగు సంగతి తర్వాత మాట్లాడుకుందామనండి. ముందు కారు ఎవరి పేర, వడ్డీ ఏ లెక్కన, ఆరు నెలల వాయిదాలు ఎక్కడ ఉంచుతారు, నా పేర ప్రమాద బీమా ఉందా, ఈ నాలుగూ అడగండి. దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆయన చెప్పిన జవాబులు రాసుకోండి. ఆ పుస్తకమూ, లోను కాగితాల నకళ్ళూ ఒక్కచోట, మీ చేతికందేచోట ఉంచుకోండి. ఆ తర్వాత సంతకం నిశ్చింతగా పెట్టవచ్చు.