మత్తెఱుగని మణి

మణులలో కొన్నింటికి వన్నెను బట్టియు, కొన్నింటికి పుట్టిన చోటును బట్టియు పేర్లు వచ్చినవి. తనకొక గుణము లేదని చాటు పేరుగల మణి ఒకటి కలదు. నేరేడుపండు వన్నెగల ఆ మణిని ఆంగ్లమున అమెథిస్టు అందురు. హిందీవారు జామున్ పండును, అనగా మన నేరేడును తలచి, జమునియా అందురు.

అమెథిస్టు గ్రీకు భాషనుండి వచ్చిన మాట. అందలి మొదటి ‘అ’ మన అధర్మము, అజ్ఞానము అను మాటలలోని ‘అ’ వంటిదే, అభావమును తెలుపును. తరువాతి భాగమునకు మూలమైన ‘మెథు’ అనగా మద్యము. ఈ మెథు, మన మధువు ఒక తల్లి బిడ్డలేయని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున అమెథిస్టు అనగా మత్తు లేనిది. ఈ ఒక్క మాటనుండి ఎన్ని కథలు మొలకెత్తినవో పరిశీలించిన, మాటకుగల బలమును, ఆ బలమువలన కలుగు ప్రమాదమును మనకు బోధపడును.

ముందుగా రాతిని చూతము. అమెథిస్టు స్ఫటికజాతికి చెందినది. సామాన్యముగా మన యేటి యిసుకలో నుండు సిలికన్, ఆక్సిజన్‌ల సమ్మేళనమే దీని దేహము. స్ఫటికము పెరుగునపుడు ఇనుము అత్యల్పముగా అందు చేరును. పిదప చుట్టునున్న శిలలనుండి వెడలు రేడియోధార్మిక కిరణములు చిరకాలము సోకగా ఊదావన్నె యేర్పడును. దక్కను పీఠభూమిలో, ముఖ్యముగా మహారాష్ట్రమున, లావా చల్లారి యేర్పడిన నల్లరాళ్ళ తొఱ్ఱలలో ఇట్టి స్ఫటికములు లభించును.

ఈ వన్నె శాశ్వతము కాదు. ఎండలో చిరకాలముంచిన వెలవెలబోవును. నాలుగైదు వందల సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాచిన, పెక్కు రాళ్ళు పసుపువన్నెకు మారును. నేడు సిట్రిన్ అను పేర అమ్ముడగు రాళ్ళలో అధికభాగము ఇట్లు కాచిన అమెథిస్టులే. కాఠిన్యమును కొలుచు మోస్ మానములో వజ్రము 10, కెంపు, నీలము 9, అమెథిస్టు 7. కావున నగలపెట్టెలో కెంపులతో కలిపి యుంచిన దీనిపై గీతలు పడును.

ఇక కథలు. మొదటిది పేరునుండి తిన్నగా పుట్టినది. ఈ రాయి ధరించినవానికి మద్యము తలకెక్కదని ప్రాచీనులు పెక్కుమంది నమ్మిరి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు మరణించిన రోము పండితుడు ప్లినీ ఈ నమ్మకమును ప్రస్తావించి, అది మాంత్రికుల డంబమని త్రోసివేసెను. రాతి వన్నె మద్యపు వన్నెను సమీపించి, దానిని చేరకమునుపే ఊదాలోనికి జారిపోవుటచే ఆ పేరు వచ్చినదని కొందరు చెప్పుచుండిరని కూడ ఆయన వ్రాసెను. అమెథిస్టులలో భారతదేశపు రాళ్ళకే అగ్రస్థానమని ఆయన పేర్కొనుట మనకు విశేషము.

రెండవ కథ మిక్కిలి మనోహరము. మద్యదేవతయగు బాకస్ అమెథిస్టు అను కన్యను వెంబడించెను. ఆమె డయానా దేవతను శరణువేడగా, దేవత ఆమెను తెల్లని శిలగా మార్చెను. బాకస్ పశ్చాత్తాపముతో ఆ శిలపై ద్రాక్షారసము పోసెను. దానితో శిలకు ఊదావన్నె వచ్చెను. అహల్యా వృత్తాంతము వినిన మనకు ఇదియు అంత పురాతనమైన గాథయే అనిపించును. పెక్కు పుస్తకములు దీనిని గ్రీకు పురాణగాథయనియే చెప్పుచున్నవి. కాని ఇది రెమీ బెలో అను ఫ్రెంచి కవి 1576లో ప్రకటించిన కల్పన. ఒక కవి కల్పించిన పాత్ర, కాలక్రమమున, ప్రాచీన దేవతల సరసన కూర్చున్నది!

మూడవ కథ మన దేశమునకు సంబంధించినది. లండను ప్రకృతిచరిత్ర మ్యూజియములో ‘ఢిల్లీ ఊదానీలము’ అను పేరుగల మణి ఉన్నది. అది నీలము కాదు, అమెథిస్టు, ఢిల్లీదియు కాదు. దాని యజమాని ఎడ్వర్డ్ హెరన్ ఆలెన్ 1904లో వ్రాసిన లేఖ ప్రకారము, 1857 తిరుగుబాటు కాలమున ఫెర్రిస్ అను సైనికాధికారి కాన్పూరులోని ఇంద్రాలయమునుండి దానిని కొల్లగొట్టెను. నాటినుండి దానిని పొందిన వారికెల్ల కీడు మూడెను. తాను దానిని కాలువలో పారవైచినను తిరిగి తన చేతికే వచ్చినదని కూడ ఆయన వ్రాసెను. 1943లో ఆయన మరణించిన పిదప ఆయన కుమార్తె దానిని మ్యూజియమున కిచ్చెను. ఆయన 1921లో మారుపేరుతో ఊదానీలమును గూర్చి కథ ప్రకటించియుండెను. ఆ కథకు బలము చేకూర్చుటకే శాపవృత్తాంతమును కల్పించియుండవచ్చునని పరిశీలకుల ఊహ.

ఆభరణముగా ఈ మణి చరిత్రకు శాపముల అలంకారము అక్కరలేదు. నాలుగువేల యేండ్లనాడే ఈజిప్టువారు వాదీ ఎల్ హూదీ గనులనుండి దీనిని త్రవ్వి పూసలు చేసిరి. క్రైస్తవ బిషప్పుల ఉంగరములలో ఇది చిరకాలము వెలసెను. బ్రిటిషు రాజదండములో కల్లినన్ వజ్రమునకు పైన గోళముగా నిలిచినది అమెథిస్టే. ఒకప్పుడు ఇది వజ్రము, కెంపు, పచ్చ, నీలములతో సమానముగా ఎన్నబడెను. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రెజిలు దేశమున విస్తారమైన గనులు బయల్పడగా వెల దిగిపోయెను. ఫిబ్రవరిలో జన్మించినవారి రత్నమిదియని అమెరికా నగల వర్తకుల సంఘము 1912లో తన పట్టికలో నిర్ణయించెను.

మన నవరత్నములలో అమెథిస్టు లేదు. అయినను శనిగ్రహ శాంతికై నీలమునకు బదులుగా దీనిని అమ్ముచున్నారు. ఏకాగ్రతను పెంచునని చెప్పి, పరీక్షల భయములోనున్న విద్యార్థులకును అంటగట్టుచున్నారు. ప్రయోగశాలలో పెంచిన అమెథిస్టును సహజమైన దానినుండి వేరుచేయుటకు పరికరములతో పరీక్షింపవలసియుండగా, కొనువాడు కంటికింపైన రంగును, చెవికింపైన కథను నమ్మి సొమ్ము చెల్లించును. అందమునకై కొన్నవానికి అందమైనను దక్కును. భయముతో కొన్నవానికి భయము తీరదు. సొమ్ము మాత్రము పోవును.

ఉపాధ్యాయులు బెలో కథను తరగతిలో తప్పక చెప్పవలెను. అట్టి కల్పనలు సాహిత్యమునకు సంపద. చెప్పిన పిదప పిల్లలచేత రెండు ప్రశ్నలు వేయింపవలెను: ఈ మాట మొదట చెప్పినదెవరు? ఎప్పుడు? ఈ ప్రశ్నలవలన కథ సొగసు తరుగదు. బెలోను కవిగా గౌరవింతురు; ఆయన కథ చెప్పి ఉంగరము అమ్మవచ్చిన వర్తకుని రాతికి పరీక్షాపత్రము చూపుమందురు. మత్తులో పడకుండుట యన్న ఇదియే గదా!