చత్వారం కాదు, శుక్లం కాదు: మరి చూపెందుకు తగ్గుతోంది?



నలభై దాటాక చూపు తగ్గితే చత్వారం అనుకుంటాం. అరవై దాటితే శుక్లం అనుకుంటాం. చాలామందికి అది నిజమే. కాని అద్దాలు మార్చినా, శుక్లం ఆపరేషన్ అయినా చూపు సరిపడకపోతే కంటి వెనుక ఉన్న రెటీనాను పరీక్ష చేయించుకోవాలి. అక్కడ వచ్చే అరుదైన జబ్బుల్లో ఒకటి బర్డ్‌షాట్.

ఏమిటీ జబ్బు?

రెటీనా కెమెరాలో ఫిల్ము వంటిది. దాని వెనుక రక్తనాళాల పొర ఉంటుంది. మన రోగనిరోధక శక్తి పొరబడి ఈ రెండింటి మీద దాడి చేస్తే వాపు వస్తుంది. పిట్టలను కొట్టే తుపాకీ గుండ్లు చెదిరినట్లు లేత పసుపు మచ్చలు కనబడతాయి. అందుకే 1980లో రయాన్, మౌమెనీ అనే వైద్యులు దీనికి ఆ పేరు పెట్టారు.

ఎవరికి వస్తుంది?

ఎక్కువగా 40 ఏళ్లు దాటిన యూరప్ సంతతి వారికి వస్తుంది. రోగులు దాదాపు అందరిలోను హెచ్.ఎల్.ఎ. ఎ29 అనే వంశపారంపర్య గుర్తు ఉంటుంది. మన దేశంలో ఇది చాలా అరుదు. మన దగ్గర ఇటువంటి మచ్చలు కనబడితే ముందు క్షయ, సిఫిలిస్, సార్కాయిడోసిస్ వంటివి ఉన్నాయేమో చూడాలి. దగ్గు లేకపోయినా క్షయ కంటికి రావచ్చు.

లక్షణాలు

నొప్పి, ఎరుపు సాధారణంగా ఉండవు. కంటిముందు నల్లని చుక్కలు తేలతాయి. మెరుపులు కనబడతాయి. రాత్రిపూట చూపు ఆనదు. రంగులు వెలిసినట్లుంటాయి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ప్రమాదం. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

చికిత్స

కంటిలో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక పరీక్షిస్తారు. ఆ రోజు మోటారుసైకిలు నడపకండి, ఒకరిని తోడు తెచ్చుకోండి. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, స్కానింగు అవసరం కావచ్చు. బర్డ్‌షాట్ అయితే స్టెరాయిడ్లు, ఆ తరువాత మెథోట్రెక్సేట్ వంటి మందులు చాలాకాలం వాడాలి. క్షయ అని తేలితే క్షయ మందులు ముఖ్యం. అవి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. క్షయ ఉన్నదని తెలియక స్టెరాయిడ్లు మాత్రమే వాడితే జబ్బు ముదరవచ్చు. అందుచేత మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. స్టెరాయిడ్లతో షుగరు పెరుగుతుంది. షుగరు ఉంటే ముందే డాక్టరుగారికి చెప్పండి. మందు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.

కంట్లో నందివర్ధనం రసం, చనుబాలు పోయకండి. అవి రెటీనాను చేరవు, పైగా చీము పట్టవచ్చు.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

వారానికోసారి అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూడండి. తేడా కనబడితే వెంటనే కంటి డాక్టరుగారికి చూపించండి. రెటీనా నిపుణులు కావాలంటే విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఇంట్లో పెద్దవారు "వయసు మీద పడింది, ఇంతేలే" అంటే ఆ మాట విని ఊరుకోకండి. దగ్గరుండి తీసుకెళ్లండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్