అంగుళమా, మిల్లీమీటరా?

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైంది. అయినా తెలుగునాట ఇంటిస్థలం ఇప్పటికీ గజాల్లోనే, పొలం ఎకరాలు, సెంట్లు, గుంటల్లోనే, మనిషి ఎత్తు అడుగుల్లోనే. గుడ్డకు మాత్రం మీటర్లు, పాలకు లీటర్లు. నోటిమాటగా చెప్పుకునే కొలతల్లో ఈ కలగలుపుతో ఇబ్బంది లేదు. కొలిచి కోసి, అతికి, బిగించే పనిలోనే చిక్కంతా. గిటార్ తయారీలో అది బాగా కనిపిస్తుంది.

వీణకు మెట్లను మైనంలో అమర్చేటప్పుడు చెవితో విని సరిచేస్తారు. గిటార్ మెట్లకు, అంటే ఫ్రెట్లకు, ఆ వెసులుబాటు లేదు. మెడమీద గాడి ఒకసారి కోశాక ఫ్రెట్ కదలదు, కాబట్టి శ్రుతి అంతా కొలతలోనే ఉంటుంది. మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి, అవి గిటార్ ఒంటిపై ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవును స్కేల్ అంటారు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోతే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో పడుతుంది.

స్పానిష్ క్లాసికల్ గిటార్‌కు స్కేల్ సాధారణంగా 650 మిల్లీమీటర్లు. అమెరికాలో పుట్టిన ఫెండర్ ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువవాటికి 25.5 అంగుళాలు. ఈ రెండోదానికి మొదటి ఫ్రెట్ 1.431 అంగుళాల దగ్గర రావాలి. పదహారో వంతుల గీతలున్న టేపు మీద దగ్గరి గుర్తు 1 7/16. అక్కడే సుమారు 0.16 మిల్లీమీటరు తేడా వస్తుంది. మిల్లీమీటర్లలో అదే దూరం 36.35. మామూలు కొలబద్ద మీద ఆ గీతా ఉండదు గానీ, భిన్నాల గొడవ తప్పుతుంది. డిజిటల్ కాలిపర్‌లో ఆ అంకెనే పెట్టుకోవచ్చు. ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచే కొలవాలి. పక్క ఫ్రెట్ నుంచి కొలుస్తూ పోతే చిన్నచిన్న తప్పులన్నీ కూడుకుంటాయి.

అసలు ప్రమాదం మధ్యలో పద్ధతి మార్చడంలో ఉంది. 1959 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు. ఎవరైనా దాన్ని 25గా తీసుకుంటే 25.5 అంగుళాలు 647.7కు బదులు 637.5 అవుతాయి. ఫ్రెట్లను సరైన కొలతతో కోసి, బ్రిడ్జిని ఈ తప్పు కొలతకు అతికిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం అరస్వరంలో పావు వంతుకు మించి హెచ్చుగా పలుకుతుంది. ఎంత శ్రుతి చేసినా అది పోదు.

తీగల మందాన్ని నేటికీ అంగుళంలో వెయ్యో వంతుల్లోనే చెబుతారు. పది నంబరు తీగ అంటే 0.254 మిల్లీమీటరు. దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. నమూనా మాత్రం అంగుళాల్లో దొరికితే, కలప కోయకముందే ప్రతి కొలతనూ 25.4తో గుణించి రాసుకుని, పని పూర్తయ్యేదాకా మిల్లీమీటర్లలోనే సాగడం మేలు.