చిన్న రౌటరుపై అల్యూమినియపు విత్తన బిళ్ల

వేరుశనగ, మొక్కజొన్న మొదలగు గింజలను వరుసగా నాటు ట్రాక్టరు గొర్రులలో, గింజలపెట్టె అడుగున ఏటవాలుగా తిరుగు బిళ్ల యొకటి యుండుట చదువరు లెరిగినదే. దాని అంచున గల గాళ్లలో ఒక్కొక్క గింజ యిమిడి, పైకెక్కి, గొట్టములో పడును. గాడి పెద్దదైనచో జంటగింజలు పడును. చిన్నదైనచో సాలులో సందులు మిగులును. రకము మారి గింజ పరిమాణము మారినపుడెల్ల దానికి తగిన బిళ్ల కావలెను. తొలకరి వాన పడి, పదును ఆరకముందే విత్తు ముగింపవలసిన మెట్టరైతు, పట్టణమునుండి బిళ్ల వచ్చువరకు వేచియుండుట యనగా ఆ పదునును పోగొట్టుకొనుటయే.

చెక్కపై నగిషీలు చెక్కు చిన్న కంప్యూటరు రౌటరుపై ఈ బిళ్లను సంఘపు పనిచోటనే కోయవచ్చునా యని యడుగువారు కలరు. కోయవచ్చును, కాని కొనితెచ్చిన రూపముననే కాదు.

అంకెల ఆజ్ఞతో లోహమును కోయు యంత్రమును 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున తొలిసారి ప్రదర్శించిరి. అది కర్మాగారములకే తగినదిగా చిరకాలముండెను. 2009లో నార్వే దేశీయుడగు సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ అరచేతిలో ఇముడు ఆర్డుయినో బోర్డుతోనే యంత్రమును నడపు జి.ఆర్.బి.ఎల్. అను ప్రోగ్రామును రచించి యుచితముగా నిచ్చెను. 2011లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫోర్డ్ షేపోకో అను చిన్న రౌటరును వెలువరించెను. దానిలో బెల్టులే స్పిండిలును లాగునవి. ఇట్టి యంత్రములు చెక్కకు చాలును. అల్యూమినియము తాకగనే వణకును.

ఆ వణకును మాన్పుటయే మెరుగుదల యొక్క సారము. బెల్టులకు బదులు బాల్ స్క్రూలు, సన్నని కడ్డీలకు బదులు గట్టి పట్టాల గైడులు, చేతి గ్రైండరు వంటి మోటారునకు బదులు కిలోవాటున్నర స్పిండిలు, చెక్కబల్లకు బదులు మందపు అల్యూమినియపు పలక అమర్చుదురు. వీని కన్నిటికిని సొమ్ము కావలెను. సొమ్ము అక్కరలేని మెరుగు మరియొకటి కలదు. కొల్లెట్టునుండి బిట్టు ఎంత పొడవుగా వెలికి వచ్చునో, దాని ఘనమునుబట్టి వంపు పెరుగును. ఆ పొడవును సగము చేసినచో వంపు ఎనిమిదవ వంతునకు దిగును. ఇది చేయక వేలు వెచ్చించువారే యెక్కువ.

ఇక ముఖ్యమైన సంగతి. అల్యూమినియమునకు జంకి బిట్టును మెల్లగా నడపుట సహజముగా తోచు జాగ్రత్త. కాని బిట్లు విరుగుట కదియే ప్రధాన కారణము. లెక్క చూడుడు. నిమిషమునకు 18,000 చుట్లు తిరుగు ఒంటి అంచు బిట్టు, చుట్టొకటికి 0.03 మిల్లీమీటరు మందపు తురుము తీయవలెనన్న, నిమిషమునకు 540 మిల్లీమీటర్లు నడవవలెను. భయపడి 100కు తగ్గించినచో తురుము మందము 0.006 మిల్లీమీటరునకు లోపడును. అంత పలుచని పొరలోనికి అంచు దిగజాలదు. కోయుట మాని రాయుచుండును. రాపిడికి వేడి పుట్టి, మెత్తబడిన లోహము అంచున కంటుకొని, గాడి పూడి, బిట్టు విరుగును. తురుము మందముగా వచ్చినపుడు వేడిలో చాలభాగమును తనతో కొనిపోవును. కావున నడక తగ్గింపక లోతు తగ్గింపవలెను: మారునకు 0.4 మిల్లీమీటరు చాలును. 6 మిల్లీమీటర్ల పలకకు అట్టివి 15 మార్లు. జానెడు లోపు బిళ్ల అంచు చుట్టి రావడము ఒక్కొక్క మారునకు నిమిషమున్నరకు మించదు. రెండంచుల బిట్టైనచో అదే నడకకు తురుము సగమగును గనుక ఒంటి అంచుదే మేలు.

తురుము గాడిలో నిలువకుండ గాలి యూదుచుండవలెను. అది విద్యుత్తును ప్రసరింపజేయునది. కంట్రోలు బోర్డుపై పడినచో షార్టగును. చేతితో తుడువరాదు, కుంచె వాడవలెను. కండ్లద్దములు తప్పనిసరి.

లోహపు ఎన్నికయు నొక సంగతి. 6061 అను మిశ్రమము చక్కగా కోయబడును. పాత తపేలలను కరగించి పలక పోయుదమను ఆలోచన పొదుపుగా కనబడును గాని, పాత్రల లోహము మెత్తనిది, జిగురువలె అంటును; పోతలో బుడగలు సరేసరి.

బిళ్ల మధ్యరంధ్రము ఇరుసునకు సరిపోవుటే కష్టము. బిట్టు వంగుటచేత రంధ్రము కోరినదానికన్న చిన్నదిగా వచ్చును. కాబట్టి మొదట 0.2 మిల్లీమీటరు మిగిల్చి కోసి, పిదప ఆ మిగులును తేలికగా నొక్క మారు తీయవలెను. గాళ్ల మూలలు బిట్టు వ్యాసములో సగముకన్న తక్కువ గుండ్రనతో రావు. 6 మిల్లీమీటర్ల బిట్టునకు 3 మిల్లీమీటర్ల వంపు తప్పదు. ఇది దోషము కాదు, గింజకు మేలే. చివర బిళ్ల విడిపడి యెగురకుండ నాలుగు చోట్ల సన్నని అంటుముక్కలు మిగిల్చి, తరువాత ఆకురాయితో తీసివేయవలెను. గాడి అంచున ముల్లు మిగిలినచో గింజ పొర చిట్లును.

వర్షాధారపు వేరుశనగకు మొక్కల యెడము సాధారణముగా 10 సెంటీమీటర్లు. గొర్రు చక్రపు చుట్టుకొలత 1.2 మీటరై, చక్రముతో బిళ్ల సమముగా తిరుగునదైనచో 12 గాళ్లుండవలెను. పొలమునకు పోకముందు గొర్రును దిమ్మెలపై నిలిపి, పెట్టెలో గింజలు పోసి, గొట్టము క్రింద గోనె పరచి, చక్రమును పది చుట్లు త్రిప్పి లెక్కింపుడు. 120 గింజలు రావలెను. 135 వచ్చినచో గాడి వెడల్పు. 105 వచ్చినచో ఇరుకు. ఇరుకైనదానిని ఆకురాయి సరిచేయగలదు. వెడల్పైనదానిని పెద్దగింజ రకమునకు దాచి, మరియొక పలక బిగింపుడు.