సంతోషం... రక్తంలోనే ఉందా?

'ఆయన తత్వమే అంత. ఎంత కష్టమొచ్చినా నవ్వుతూనే ఉంటాడు.' 'వాళ్ల వంశమే అంత. ఎన్ని ఉన్నా మొహంలో కళ ఉండదు'... ఇలాంటి మాటలు వినిపించని ఇల్లుండదు. మరి, సంతోషం నిజంగా పుట్టుకతోనే వస్తుందా? జన్యుశాస్త్రం ఏమంటోంది?

పెద్దదోర్నాల కూడలి. ఇక్కడే దారులు చీలతాయి. ఒకటి నల్లమల ఎక్కి శ్రీశైలం చేరుతుంది. మరొకటి ఆత్మకూరు మీదుగా కర్నూలుకి వెళ్తుంది. టీకొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే చాలు... ఒకే ఊరివాళ్లు, ఒకే పంట వేసి ఒకేలా నష్టపోయినవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఒకాయన 'పోన్లే, వచ్చే ఏడు చూద్దాం' అంటూ పదిమందినీ నవ్విస్తుంటాడు. ఇంకొకాయన నెలలు గడిచినా ఆ దిగులు నుంచి తేరుకోడు. వచ్చిన నష్టం ఒకటే. మరి మనుషుల్లో ఇంత తేడా ఎందుకు?

కవలలు చెప్పిన కథ

ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు కవలల్లో జవాబు వెతికారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టినవాళ్లు మామూలు అన్నదమ్ముల్లాగే సగటున సగం పంచుకుంటారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లిక్కెన్, ఆకె టెలిజెన్ 1996లో తమ పరిశోధన ఫలితాలను ప్రచురించారు. ఒకే అండం కవలలు వేర్వేరు ఇళ్లలో పెరిగినా వాళ్ల సంతోషం స్థాయులు బాగా కలిశాయి. రెండో రకం కవలల్లో ఆ పోలిక దాదాపు లేదు. చదువు, ఆదాయం, పెళ్లి... వీటిలో ఏ ఒక్కటీ మనుషుల మధ్య తేడాలో 3 శాతానికి మించి వివరించలేకపోయింది.

దాంతో, ఇంకాస్త సంతోషంగా ఉండాలనుకోవడం ఇంకాస్త పొడుగవ్వాలనుకోవడం లాంటిదే అనేశారు వాళ్లు. ఆ మాట లోకమంతా పాకింది. కానీ లిక్కెనే తర్వాత మనసు మార్చుకున్నారు. ఆ మాట తప్పని ఒప్పుకుని, సంతోషాన్ని పెంచుకునే మార్గాలు చెబుతూ 1999లో పుస్తకమే రాశారు.

శాతం వెనక సంగతి

నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మైకె బార్టెల్స్ 2015లో, అప్పటివరకూ కవలలపై జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. సంతోషంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 36 శాతం, జీవితం పట్ల తృప్తిలో 32 శాతం జన్యువుల వల్లేనని తేలింది.

అంటే, మన సంతోషంలో మూడోవంతు రక్తంలో ఉందనా? కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒకే రైతుకి రెండు మిరప చేలున్నాయనుకోండి. రెండింట్లోనూ నాటింది ఒకే రకం నారు. ఒకదానికి బోరు నీళ్లు పుష్కలం. రెండోది వాన మీదే ఆధారం. ఏ చేనుకా చేను చూస్తే మొక్కల మధ్య హెచ్చుతగ్గులకు విత్తనం కారణం కావచ్చు. కానీ రెండో చేను మొత్తం వాడిపోతే దానికి కారణం విత్తనం కాదు, నీళ్లు. ఆ శాతం చేను లోపలి తేడాల లెక్క. నీళ్లు అక్కర్లేదని చెప్పే లెక్క కాదు.

ఒక్క జన్యువు కాదు

మరి ఆ 'సంతోషం జన్యువు' ఏది? మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని నియంత్రించే జన్యువు మీద ఒకప్పుడు చాలా ఆశలు పెట్టుకున్నారు. పెద్ద పరిశోధనలు మొదలయ్యాక ఒక్క జన్యువుకి అంత బలం లేదని అర్థమైంది. 2016లో 2,98,420 మంది డీఎన్‌ఏను పరిశీలిస్తే, సంతోషంతో ముడిపడిన చోట్లు కచ్చితంగా దొరికినవి మూడే. వాటి ప్రభావం కూడా అతి స్వల్పం. వేలాది జన్యువులు తలా పిసరంత కలిస్తేనే ఆ ప్రభావం. పైగా ఆ పరిశోధన జరిగింది ఐరోపా మూలాలున్నవాళ్ల మీద. దాన్ని తెచ్చి మన ఊరి మనుషులకు నేరుగా అంటగట్టలేం.

'వాళ్లకేం చింత!'

దోర్నాల చుట్టుపక్కల గూడేల్లోని చెంచుల గురించి బయటివాళ్లు తరచూ అనే మాట ఇది. అడవిలో పుట్టారు, ఉన్నదాంతో తృప్తిపడటం వాళ్ల రక్తంలోనే ఉందంటారు. ఎస్టోనియా శాస్త్రవేత్త టూమస్ కివిసిల్డ్ బృందం 2003లో చెంచుల, కోయల డీఎన్‌ఏను మిగతా భారతీయుల డీఎన్‌ఏతో పోల్చింది. గిరిజనులకూ ఇతరులకూ వారసత్వం చాలావరకూ ఒకటేనని చెప్పింది. రక్తం వేరన్న మాటకు అక్కడ ఆధారం లేదు. నిజానికి ఆ మాటతో నష్టపోయేది గూడెమే. తృప్తి వాళ్ల రక్తంలోనే ఉందనుకుంటే ఇక మంచినీళ్లు, ఆసుపత్రి, బడి ఎందుకన్న ధోరణి వచ్చేస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు పట్టేసిన మనిషి నవ్వకపోతే అది జన్యువుల తప్పెలా అవుతుంది?

ఇంట్లో ఏం చేయాలి?

పిల్లాడు ఎప్పుడూ ముభావంగా ఉంటే 'అచ్చం వాళ్ల తాతే' అని ముద్ర వేసేయకూడదు. అలాగని నవ్వలేనివాణ్ని తప్పుపట్టకూడదు. కొందరికి దిగులు తొందరగా పడుతుంది, ఆలస్యంగా వదులుతుంది. అది బద్ధకం కాదు, బలహీనతా కాదు. నిద్ర, కాస్త ఒంటి కదలిక, మనసు విప్పి మాట్లాడే మనిషి... ఇవి ఏ జన్యువులున్నవారికైనా మేలు చేసేవే. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మళ్లీ ఆ టీకొట్టు దగ్గరకే వద్దాం. తేరుకోలేకపోతున్నాయన పక్కన ఎవరైనా కాసేపు కూర్చోవాలి. నవ్విస్తున్న ఆయన్నీ ఓసారి పలకరించాలి. నవ్వినంత మాత్రాన అప్పు తీరదు కదా!