గీత నిలువైతే కాలు, అడ్డమైతే వీసం

కృష్ణా డెల్టా దిగువన మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల్లో రోమన్ అంకెలు బడి తరగతుల పేర్లలో, గోడ గడియారాల మీద, గ్రూప్ పరీక్షల ప్రకటనల్లో నేటికీ కనబడుతున్నాయి. ఒకటి, రెండు, మూడులను వాటిలాగే గీతలతో రాసే తెలుగు కరణాల భిన్నాల లెక్క మాత్రం వాడుకలోంచి దాదాపుగా తొలగిపోయింది.

రోమన్ పద్ధతిలో ప్రతి గుర్తుకూ విలువ స్థిరం. పెద్ద గుర్తుకు కుడివైపున చిన్నది వస్తే కలపాలి, ఎడమవైపున వస్తే తీసివేయాలి. అంతే తప్ప స్థానం జరిగినంత మాత్రాన గీత విలువ పదింతలు కాదు కనుక, ఆ అంకెలు వరుస చెప్పడానికి పనికివచ్చినంతగా కాగితం మీద గుణకార భాగహారాలకు పనికిరావు. తెలుగు భిన్నాల్లో స్థానవిలువ ఉంది, అది నాలుగేసి వంతులుగా దిగుతుంది: పూర్ణాంకం తరువాతి మొదటి స్థానం కాలు, అంటే నాలుగో వంతు, రెండోది వీసం, అంటే పదహారో వంతు, మూడోది అరవై నాలుగో వంతు. బేసి స్థానాల్లో గీతలు నిలువుగా (౹, ౺, ౻), సరి స్థానాల్లో అడ్డంగా (౼, ౽, ౾) ఉంటాయి కాబట్టి పక్కపక్కనే రాసినా ఒక స్థానపు గీతలు మరొకదానిలో కలిసిపోవు. ప్రాచీన చైనాలో పుల్లలతో లెక్కించినవారు కూడా ఒక స్థానంలో నిలువుగా, పక్క స్థానంలో అడ్డంగా పేర్చేవారు.

పాత రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. ఐదు రూపాయల ఏడణాలు రాయాలంటే, ఏడణాల్లో ఒక పావలా, మూడణాలు ఉన్నాయి కనుక ౫౹౾ అని రాస్తే సరిపోతుంది. ఐదు రూపాయల మూడణాలకైతే పావలా స్థానం ఖాళీ కాబట్టి అక్కడ హళ్లి అనే సున్న గుర్తు పెట్టి ౫౸౾ అని రాయాలి. ధాన్యం కొలతలదీ ఇదే మెట్టు: తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలుగా మారడంతో అణా విలువ ఆరుంబావు పైసలై, నాలుగు వంతుల లెక్క కొత్త నాణేలతో పొసగలేదు. మెట్రిక్ కొలతలు వచ్చాక తూములూ తగ్గి, డెల్టాలో ధాన్యం 75 కిలోల బస్తాల్లోకి మారింది. రోమన్ అంకెల మీద ఇక్కడ ఏ జమాఖర్చూ ఆధారపడలేదు గనుక ఈ మార్పు వాటిని తాకలేదు. ఈ భిన్నాల గుర్తులకూ తూము గుర్తు ౿కూ 2008లో యూనికోడ్‌లో చోటు దొరకడం వల్ల, పాత లెక్కల పుస్తకాలను దశాంశాల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చు.